'గొను' శబ్దవిచారము

యవనభాషలో మోఁకాలునకు 'గొను' అని పేరు. ఇందలి యొకారము హ్రస్వము. నాగరిలిపిలో దానిని జూపుట కష్టము, తెలుఁగులిపికి సుకరము. 'జాను'వువలె నిదియు నుకారాంతము, నపుంసకము. షష్ఠియందు 'జానునః' అని మనకు నకారము వచ్చుచోట 'గొనతొస్' అని వారికిఁ దకారము వచ్చును.

వివాదమెల్ల వ్యుత్పత్తియందు. ఉణాదిసూత్రము 'జాను'వును జనిధాతువునుండి సాధించినది. యవనభాషయందును 'గొనొస్' అనఁగా సంతానము. ఈ సామ్యమును జూచి మోఁకాలి పేరు జన్మసంబంధియే యని తీర్పు చెప్పుట తొందరపాటు. పాణిని జానుశబ్దమునకుఁ బ్ర, సం అనువానిపైని 'జ్ఞు' ఆదేశమును నిత్యముగను, ఊర్ధ్వశబ్దముపైని వికల్పముగను విధించెను: ప్రజ్ఞువు, సంజ్ఞువు, ఊర్ధ్వజ్ఞువు. హోమరు కావ్యములందు 'మోఁకాళ్లపై' అను నర్థమున 'గ్నుక్స్' అను నవ్యయము కలదు. కావున బడిలో నాదేశమని వల్లించునది నిజమునకు రెండుభాషలకును సామాన్యమైన ప్రాచీనప్రకృతియే. జనిధాతువో, సేట్టు, 'జనితృ'శబ్దమునకు సరియైన యవనరూపము 'గెనెతోర్'. ఆ రెండవ యచ్చు జాడ 'జ్ఞు'లోను లేదు, 'గ్నుక్స్'లోను లేదు. ఉణాదివ్యుత్పత్తి రూపసిద్ధికిఁ జాలును. శబ్దచరిత్రకుఁ బ్రమాణము గాదు.

ఇఁక నర్థము. 'గొను'నుండి పుట్టిన 'గూనూమై' అను క్రియకు 'వేఁడుకొనుచున్నాను' అని యర్థము. ఇలియడు ప్రథమసర్గమున థెటిసు జ్యూసు మోఁకాళ్లు పట్టుకొనియే కొడుకుకొఱకుఁ బ్రార్థించును. దీనిని 'పాదములపైఁ బడెను' అని తెనిఁగించుట మన యాచారమునకుఁ దగును గాని, క్రియకు మూలమైన శబ్దమే లోపించును. అచట మోఁకాళ్లనే యుంచవలయును.