గింజ విడిగా ఉండాలి

లెబనాన్ వాళ్ల తబూలే అనే సలాడ్ మొదటిసారి తిన్నప్పుడు నాకు గద్వాల ఉగ్గాని గుర్తొచ్చింది. గోధుమలను ఉడికించి, ఎండబెట్టి, రవ్వగా విరిస్తే అందులో వేసే బుల్గూర్. అది నానితే చాలు, తినేయొచ్చు. ఉగ్గానిలో వేసే మన బొరుగులదీ దాదాపు అదే దారి. వడ్లను ఉడికించి, ఎండబెట్టి, మరపట్టిన బియ్యాన్ని వేడి ఇసుకలో వేయిస్తే పొంగుతాయి. వాటిని నీళ్లలో ముంచి, పిండి, పోపులో కలిపి పుట్నాలపొడి చల్లుతాం. పొయ్యి దగ్గర చేయాల్సిన పని చాలావరకు ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

గింజను గింజగానే తినే అసలు వంటకం మాత్రం గుడాలు. కోస్తావైపు గుగ్గిళ్లంటారు. కృష్ణా, తుంగభద్రల మధ్య నడిగడ్డలోనూ, ఇటు వనపర్తి, నాగర్‌కర్నూల్ చెలకల్లోనూ జొన్నే కడుపు నింపిన రోజుల్లో పిండి రొట్టెకు, రవ్వ గటుకకు, గింజ గుడాలకు పోయేది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, ఆ తర్వాత జూరాల కాలువల కింద వరి పెరిగింది, జొన్న తగ్గింది. జొన్న పేదోళ్ల తిండి అన్న చిన్నచూపు మాత్రం చాన్నాళ్లు పోలేదు. ఇప్పుడు అదే గింజను పట్నం హోటళ్లు గాజు గిన్నెలో సలాడ్ అని అమ్ముతున్నాయి. సంతోషమే, కానీ చాలాచోట్ల సరిగ్గా ఉడకదు.

జొన్న మొండిది. కొద్దిగా నీళ్లు చిలకరించి రోట్లో దంచి, చేటలో చెరిగితే పైపొట్టు పోతుంది. ఓపిక లేనివాళ్లు దంచకపోయినా ఫర్వాలేదు, రాత్రంతా నానబెట్టడం మాత్రం మానొద్దు. గ్లాసు జొన్నలకు నాలుగు గ్లాసుల నీళ్లు, తగినంత ఉప్పు. ఉప్పు ఉడికేటప్పుడే పడాలి, తర్వాత చల్లితే గింజ పైనే ఉండిపోతుంది. పులుపు అందుకు పూర్తిగా వ్యతిరేకం. చింతపండో నిమ్మరసమో ముందే వేస్తే గింజ మెత్తబడనని మొరాయిస్తుంది. బొబ్బర్లు, అనపగింజలతో అయితే ఈ తప్పు ఇంకా బాగా తెలుస్తుంది. గింజను వేళ్ల మధ్య నొక్కితే నలగాలి, కానీ దానంతటదే పగలకూడదు. అప్పుడు గంజి వంచేసి, తడి ఆరేదాకా పలుచటి బట్ట మీద పరచాలి. ఈ ఆరబెట్టడం దగ్గరే అందరూ తొందరపడతారు. తడి గింజకు నూనె పట్టదు, పోపు గిన్నె అడుగుకు జారిపోతుంది.

గోరువెచ్చగా ఉన్నప్పుడే పల్లినూనె పోపు: ఆవాలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు. ఈ ప్రాంతంలో పల్లి బాగా పండుతుంది కాబట్టి ఆలివ్ నూనె కోసం వెతుక్కోవాల్సిన పనిలేదు. వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలూ ఇప్పుడే. తర్వాత పూర్తిగా చల్లారనివ్వాలి. తరిగిన ఉల్లిగడ్డ, నిమ్మరసం, గుప్పెడు కొత్తిమీర చివరన. వేడి మీద వేస్తే ఆకు వాడి, నల్లబడి, వాసన పోతుంది. తబూలేలో ఆకే అసలు, బుల్గూర్ కొసరు. గుడాల్లో లెక్క తిరగబడుతుంది. వాళ్లు వాడే పార్స్లీ మాత్రం మన కొత్తిమీరకు చుట్టమే, రెండూ ఒకే కుటుంబం మొక్కలు.

చింతచిగురు వచ్చే రోజుల్లో నేను నిమ్మకాయ మానేసి, లేత చిగురును సన్నగా తరిగి పచ్చిగానే కలుపుతాను. ఇది పాత పద్ధతని చెప్పను, నా సొంత పైత్యం. చలికాలం అనపకాయలు వచ్చినప్పుడు మాత్రం ఏ ప్రయోగమూ వద్దు. పొట్టుతోనే ఉప్పేసి ఉడకబెట్టి, ఒక్కొక్క కాయే ఒలుచుకు తినాలి.

వంచిన జొన్న గంజిని పారబోయకండి. చల్లారాక మజ్జిగ కలిపి, ఉల్లిగడ్డ నంజుకుంటూ తాగండి.