చెరువులో దిగిన మిల్లు మోటారు

సెప్టెంబరు 17న ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో విశ్వకర్మ పూజ. ఉక్కు కర్మాగారం షాపుల్లోనూ, టౌన్‌షిప్ సెక్టార్ల బయట ఉన్న చిన్న చిన్న రివైండింగ్ దుకాణాల్లోనూ ఆ రోజు యంత్రాలను తుడిచి బొట్టు పెడతారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్లకు అదొక్కటే చాలదు. దసరాకు మళ్లీ ఆయుధపూజ. ఏడాదికి రెండుసార్లు స్పానర్లకు తలంటు అన్నమాట! భక్తి మాట ఎలా ఉన్నా, యంత్రాన్ని విప్పి చూడడానికి తేదీ ఖాయం చేసిపెట్టిన ఆచారమిది. చెడిపోకముందే విప్పి చూడాలన్నది దీని సారం.

చేపల పడవకు బిగించే చిన్న కరెంటు మోటారును, అంటే ట్రోలింగ్ మోటారును, ఇలాంటి ఊరి మెకానిక్ చేతికిస్తే అతనికి కొత్తగా అనిపించేది తక్కువ. కొత్తరకం బ్రష్‌లెస్ మోటార్లను పక్కన పెడితే, లోపల ఉండేది డీసీ మోటారే. ఉక్కు మిల్లుల్లో రోలర్లను తిప్పిన పాతతరం డీసీ మోటార్లలో ఉండే కార్బన్ బ్రష్‌లు, రాగి కమ్యుటేటర్ ఇందులోనూ ఉంటాయి. అది ఏనుగంత, ఇది పిడికిలంత.

పడవకూ కరెంటుకూ చుట్టరికం పాతదే. 1838లోనే మోరిట్జ్ యాకోబీ అనే ఇంజనీరు రష్యాలోని నెవా నదిలో బ్యాటరీలతో పడవ నడిపాడు. ఆ దేశం సోవియట్ యూనియన్‌గా ఉన్నప్పుడు 1955లో ఒప్పందం కుదిరి, దాని సాయంతోనే భిలాయి కర్మాగారం పుట్టింది, 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైంది. చేపల వేటకు పనికొచ్చే మోటారు మాత్రం అమెరికాలో పుట్టింది. 1934లో ఫార్గో పట్టణంలో ఓ.జి. ష్మిట్ అనే ఆయన ఫోర్డ్ మోడల్-ఎ కారు స్టార్టర్ మోటారుకు ఒక షాఫ్ట్, ఒక ప్రొపెల్లర్ తగిలించాడు. మిన్ కోటా మోటార్ల కథ అక్కడ మొదలైంది.

ఇక అసలు పని. బ్రష్‌లు అరగడానికే పుట్టాయి. అరిగి పొట్టివైతే స్ప్రింగు ఒత్తిడి తగ్గి నిప్పురవ్వలు లేస్తాయి, ఆ రవ్వలు రాగిని తింటాయి. కమ్యుటేటర్ లేత చాక్లెట్ రంగులో నిగనిగలాడుతుంటే దాన్ని ముట్టుకోకూడదు. అది మురికి కాదు, బ్రష్ జారడానికి తోడ్పడే సన్నని పొర. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాన్నే అద్దంలా మెరిసేదాకా రుద్దేస్తారు, తర్వాత పెద్దవాళ్ల చేత చీవాట్లు తింటారు. నల్లబడి గీతలు పడితేనే సన్నటి సాండ్ పేపరుతో రుద్దాలి. ఎమరీ కాగితం పనికిరాదు, దాని రజను కరెంటును పారనిస్తుంది. రాగి పట్టీల మధ్య మైకా పైకి లేస్తే హాక్సా బ్లేడు ముక్కతో లోతుకు గీకాలి. లేకపోతే బ్రష్ ఎగిరెగిరి పడుతుంది.

మిల్లు మోటారుకు లేనిదీ పడవ మోటారుకు ఉన్నదీ ఒకటే: చుట్టూ నీరు. బ్రష్‌లు రాల్చే పొడికి నీరు తగిలితే నల్లటి ముద్దవుతుంది. ఆ ముద్ద పట్టీ నుంచి పట్టీకి దారి వేసి షార్ట్ చేస్తుంది. నీరు లోపలికి వచ్చేది ఎక్కువగా ప్రొపెల్లర్ వెనక నుంచే. తెగిన గాలం తీగ అక్కడ షాఫ్ట్‌కు చుట్టుకుని, తిరిగేకొద్దీ బిగుసుకుని ఆయిల్ సీల్‌ను కోస్తుంది. వెంట్రుకంత నైలాన్ తీగ మోటారునే ముంచగలదు. అందుకే వేట నుంచి వచ్చిన ప్రతిసారీ ప్రొపెల్లర్ దగ్గర నాచు, తీగ ఏమైనా చుట్టుకున్నాయేమో చూడాలి. అప్పుడప్పుడు ప్రొపెల్లర్‌ను ఊడదీసి వెనక కూడా చూడాలి. ఆ పనికి పట్టేది ఐదు నిమిషాలు. సీల్ మార్చి, బేరింగులు మార్చి, రివైండింగ్ చేయించాలంటే ఎంతవుతుందో ఆ దుకాణాల్లో అడిగితే చెబుతారు.

ఈ జాగ్రత్త సముద్రపు ఒడ్డువాళ్లకు ఒకరు చెప్పాల్సింది కాదు. ఉత్తరాంధ్ర తీరంలో తెప్పను ఒడ్డుకు లాగాక కట్లు విప్పి దుంగలను ఎండబెట్టేవారు. నీరు పీల్చిన కర్ర బరువెక్కి సరిగా తేలదు కనుక. పని అయ్యాక ఆరబెట్టడం కూడా వేటలో భాగమే. భిలాయి కర్మాగారానికి నీరిచ్చే తాండులా, మరోదా జలాశయాలు మంచినీటివి, ఉప్పు తుప్పు బాధ లేదు. సముద్రంలో తిప్పిన మోటారునైతే మంచినీళ్లతో కడగాలి, మోటారుకు బదులు తాను తుప్పుకు కరిగే జింకు ముక్క ఎంత మిగిలిందో చూడాలి. మోటారును ఒడ్డు మీద ఎక్కువసేపు ఉత్తుత్తిగా తిప్పకూడదు. దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న నీరే.

బ్యాటరీ సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించకపోతే ఎక్కువ కాలం మన్నుతుంది. ఒడ్డుకు రాగానే చార్జింగ్ పెట్టాలి, ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. నిండిన బ్యాటరీలో హైడ్రోమీటరు 1.265 దగ్గర నిలవాలి. ఛత్తీస్‌గఢ్ వేసవిలో ఆవిరయ్యే నీటిని డిస్టిల్డ్ వాటర్‌తోనే నింపాలి. టెర్మినళ్లకు కాస్త వాజిలీన్ రాయాలి.

మోటారును మొత్తంగా విప్పడానికి అనువైన కాలం కూడా ఉంది. ఛత్తీస్‌గఢ్ నదుల్లో, జలాశయాల్లో జూన్ 16 నుంచి ఆగస్టు 15 దాకా చేపల వేట నిషేధం. ఆంధ్ర తీరంలో అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. విప్పిన ప్రతిసారీ పాత ఓ-రింగు పారేసి కొత్తది వేయాలి, ఇక్కడ పొదుపు చేస్తే మళ్లీ నీరే. పడవ పెట్టెలో ఒక జత బ్రష్‌లు, రెండు షియర్ పిన్నులు గుడ్డలో చుట్టి ఉంచుకోండి. రాయి తగిలితే ప్రొపెల్లర్‌ను కాపాడి తాను విరిగేది ఆ పిన్నే, నడి చెరువులో ఆగితే ఒడ్డుకు చేర్చేదీ అదే.