రుద్రూర్ చెరకు మడులు – పరిశోధన వ్యయంపై రెండు వాదాలు

మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు నిజామాబాదు జిల్లాకు కాలువ నీటితో పాటు చెరకును కూడా తెచ్చినది. ఆ చెరకును ఆధారం చేసుకొని 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన ఆ కర్మాగారంలో ఎక్కువ వాటా 2002లో ప్రైవేటు యాజమాన్యానికి పోయినది. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడినది. బోధన్‌కు సమీపంలోని రుద్రూర్‌లో ప్రాంతీయ చెరకు, వరి పరిశోధన స్థానం మాత్రం వ్యవసాయ విశ్వవిద్యాలయం క్రింద కొనసాగుతూనే ఉన్నది. చక్కెర తీసే మిల్లే లేనప్పుడు చెరకుపై పరిశోధనకు ప్రభుత్వ ధనం ఎందుకన్న ప్రశ్న ఇక్కడ సహజంగానే పుడుతుంది.

ఈ ప్రశ్న రుద్రూర్‌కు మాత్రమే చెందినది కాదు. 2020–21లో భారతదేశం పరిశోధనాభివృద్ధిపై వెచ్చించిన మొత్తం సుమారు 1,27,381 కోట్ల రూపాయలు. ఇది జాతీయోత్పత్తిలో 0.64 శాతం, అనగా నూరు రూపాయలకు అరవైనాలుగు పైసలు. జనాభాను 140 కోట్లుగా తీసుకొంటే తలకు ఏడాదికి 910 రూపాయలు. ఇందులో కేంద్ర ప్రభుత్వ వాటా 43.7 శాతం కాగా, రాష్ట్ర ప్రభుత్వాలన్నిటి వాటా 6.7 శాతమే. 2017 ఆగస్టు 9న హైదరాబాదుతో సహా అనేక నగరాలలో శాస్త్రజ్ఞులు, విద్యార్థులు ఊరేగింపు జరిపి, శాస్త్ర సాంకేతిక రంగానికి జాతీయోత్పత్తిలో కనీసం 3 శాతం కేటాయించాలని కోరినారు. బడులకు, రోడ్లకు చాలని డబ్బు ప్రయోగశాలలకు ఎందుకని అడిగేవారు మరొక వైపున ఉన్నారు. రెండు వాదాలలోనూ కొంత నిజం ఉన్నది; రెండింటిలోనూ లోపం ఉన్నది. వీటిని రుద్రూర్ మడులలో నిలబెట్టి చూస్తే ఆ లోపాలు స్పష్టపడతాయి.

మొదటి వాదం ఫలితం వెంటనే కనబడాలంటుంది. చెరకు విషయంలో అది ఎంతవరకు సాధ్యమో చూడాలి. సాగులో చెరకును ముచ్చెలు నాటి పెంచుతారు. ముచ్చె నుండి వచ్చే మొక్క అచ్చంగా తల్లి వంటిదే. కొత్త రకం కావాలంటే పూతను సంకరం చేసి, గింజ నుండి మొక్కను పెంచాలి. చెరకు అన్ని చోట్లా చక్కగా పూయదు. కోయంబత్తూరు వాతావరణం పూతకు అనుకూలం గనుకనే 1912లో చెరకు ప్రజనన కేంద్రాన్ని అక్కడ స్థాపించినారు. వివిధ రాష్ట్రాల కేంద్రాలకు కావలసిన సంకర విత్తనం అక్కడి నుండే వెళుతుంది. ఒక్కొక్క సంకరం నుండి వచ్చిన మొక్కలు వేలల్లో ఉంటాయి. వాటిని ఏటేటా ఏరివేస్తూ, దిగుబడి, తీపి, తెగుళ్ళను తట్టుకొనే శక్తి పరీక్షిస్తూ పోగా, పది పన్నెండేళ్ళకు ఒకటో రెండో మిగులుతాయి. '83 ఆర్ 23' వంటి రకాల పేర్లలోని 'ఆర్' అక్షరం రుద్రూర్‌కు గుర్తు. ఏరివేతలో పోయిన వేల మొక్కలు వృథా ఖర్చు కావు. అవి లేకుండా ఆ ఒక్కటి దొరకదు.

ఈ ఓపికకు దక్కిన ఫలం చరిత్రలో ఉన్నది. బార్బర్, వెంకటరామన్ అనే శాస్త్రజ్ఞులు కోయంబత్తూరులో సాగు చెరకును అడవి జాతి రెల్లుతో సంకరం చేసినారు. దాని నుండి పుట్టిన కో 205 రకం 1918లో విడుదలైనది. చక్కెర లేని గడ్డితో చెరకును కలపడం ఆనాడు చూసేవారికి నిష్ప్రయోజనంగా తోచవచ్చును. కాని రెల్లులోని మొండితనమే తరువాతి భారతీయ చెరకు రకాలకు బలమైనది. 1932లో ప్రభుత్వం చక్కెర పరిశ్రమకు సుంకాల రక్షణ ఇచ్చేనాటికి ఉత్తమ రకాలు రైతుల చేతిలో సిద్ధంగా ఉన్నాయి. అప్పటికి ముప్పై దగ్గర ఉన్న కర్మాగారాలు కొద్ది ఏళ్ళలో నూటికి మించినవి. సుంకం పరిశ్రమకు ధైర్యమిచ్చినది, ముడిపదార్థాన్ని ఇచ్చినది పరిశోధన.

లెక్క వేసి చూడాలంటే ఒక ఉదాహరణ చాలు. రోజుకు 3,000 టన్నుల చెరకును నూరు రోజులు ఆడించే మిల్లు ఒకటి ఉన్నదనుకొందాం. మొత్తం మూడు లక్షల టన్నులు. మంచి రకం వల్ల చక్కెర రాబడి తొమ్మిదిన్నర శాతం నుండి పది శాతానికి పెరిగితే, అదే చెరకు నుండి 1,500 టన్నుల చక్కెర అదనంగా వస్తుంది. కిలో నలభై రూపాయల చొప్పున అది ఆరు కోట్లు. ఇది ఒక్క మిల్లులో, ఒక్క కాలానికి.

ఇంత లాభముంటే ప్రైవేటు సంస్థలే ఆ పరిశోధన చేయవచ్చును గదా అని ఒక ఆక్షేపణ వస్తుంది. దీనికి సమాధానం ముచ్చెలోనే ఉన్నది. హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాన్ని రైతు ప్రతి పంటకూ కొనవలసిందే. చెరకు ముచ్చెను ఒకసారి తెచ్చుకొన్న రైతు మరుసటి ఏడు తన చేలోనే కోసుకొంటాడు, పక్క రైతుకు ఇస్తాడు. ఇది తప్పు కాదు. దాచుకొన్న విత్తనాన్ని నాటే హక్కు రైతుకు 2001 చట్టం ద్వారా ఉన్నది. కాని రెండవసారి అమ్ముడుపోని వస్తువుపై పన్నెండేళ్ళు ఖర్చుపెట్టే వ్యాపారి అరుదు. వరి సూటి రకాల సంగతీ ఇంతే. సాంబ మసూరికి ఎండాకు తెగులును తట్టుకొనే శక్తిని చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని అందించినవి హైదరాబాదులోని రెండు ప్రభుత్వ పరిశోధన సంస్థలే.

2025 జులైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లక్ష కోట్ల రూపాయల పరిశోధన నిధిని ఈ దృష్టితోనే చూడాలి. అది ప్రధానంగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలపు అప్పు అందించడానికి ఏర్పడినది. అటువంటి ప్రోత్సాహం అవసరమే. అయినా అప్పు తీర్చగలిగేది అమ్ముడుపోయే ఫలితం మాత్రమే. రైతు చేతికి ఉచితంగా పోయే ముచ్చె ఏ అప్పునూ తీర్చలేదు. కనుక ఈ నిధి ఎంత పెద్దదైనా రుద్రూర్ వంటి స్థానాలకిచ్చే గ్రాంటుకు బదులు కాజాలదు.

ఇక శాతం పెంచితే చాలునన్న రెండవ వాదానికి బోధనే సమాధానం. కోసిన చెరకులోని సుక్రోజు ఎంజైముల వల్ల విరిగిపోతూ ఉంటుంది; ఒకటి రెండు రోజులలో ఆడించకపోతే తూకం, తీపి రెండూ తగ్గుతాయి. అందుచేత ఎంత గొప్ప రకమైనా దగ్గరలో మిల్లు లేనిదే రైతుకు పనికిరాదు. నిధులు పెరిగినంత మాత్రాన పరిశోధన పొలానికి చేరదు; చేరే దారి కూడా ఉండాలి. ఫలానా పని ఎవరి కోసం, ఏమి తేలినది, ఏది విఫలమైనది అని అడిగే హక్కు పన్ను కట్టే ప్రజలకు ఉన్నది. ఆ ప్రశ్నను శాస్త్రానికి విరోధంగా భావించే శాస్త్రజ్ఞుడు తన పక్షాన్ని తానే బలహీనపరచుకొంటాడు. అయితే ప్రశ్న సరియైనదై ఉండాలి. కర్మాగారం మూతపడినందుకు చెరకు రకాన్ని దోషిని చేయడం వంటవాడి తప్పుకు బియ్యాన్ని తిట్టడం వంటిది.

అసలు ప్రమాదం మరొకచోట ఉన్నది. వరి విత్తనాన్ని శీతల గిడ్డంగిలో ఏళ్ళ తరబడి దాచవచ్చును. చెరకు రకాన్ని సాధారణంగా అట్లా దాచరు. పొలంలో బ్రతికించి, మళ్ళీ మళ్ళీ నాటుతూ కాపాడాలి. మొడెం మీదనే ఎన్నాళ్ళో వదిలితే తెగుళ్ళు చేరుతాయి. ఎర్రకుళ్ళు శిలీంధ్రం కొత్త రూపాలు దాల్చి, నిన్న తట్టుకొన్న రకాన్ని నేడు లొంగదీస్తుంది. 2009లో విడుదలై ఉత్తరప్రదేశ్‌లో విస్తరించిన కో 0238 రకానికి తరువాత పట్టిన గతి ఇదే. కనుక పరిశోధనను పదేళ్ళు ఆపి పదకొండవ ఏట మొదలుపెడదామంటే, మొదలుపెట్టడానికి మొక్కలే ఉండవు.

బోధన్ కర్మాగార పునరుద్ధరణను పరిశీలించడానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించినది. మిల్లు తెరవాలంటే ముందు చెరకు కావాలి. చెరకుకు తెగులు లేని ముచ్చెలు కావాలి. ఒక ఎకరం విత్తనపు చెరకు సుమారు పది ఎకరాలకు సరిపోతుంది. ఆ లెక్కన ఒక ఎకరం పదివేల ఎకరాలు కావడానికి నాలుగు నాట్లు పడతాయి. యంత్రాలను డబ్బు పెట్టి తెప్పించవచ్చును. ఈ కాలాన్ని కొనలేరు. బోధన్ ప్రాంతంలో చెరకు మళ్ళీ పండాలని కోరేవారు ఈ నాలుగు నాట్లను, దానికి ముందున్న పన్నెండేళ్ళను కూడా లెక్కలో వేసుకోవాలి. వద్దనుకొనేవారు ఆ మాట సూటిగా చెప్పి, స్థానం శక్తినంతా వరి వైపు మళ్ళించమని కోరడం న్యాయం. రెండింటిలో ఏది నిర్ణయించకుండా నిధులను మాత్రం కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోవడం అన్నిటికన్న ఖరీదైన పద్ధతి. దానివల్ల ఖర్చు ఆగదు. ఫలం మాత్రం చేతికి రాదు.