కాటియే గంటల ముల్లు

వాచీలో రెండు ఊళ్ల సమయం చూపాలంటే ఇంకో చిన్న డయల్ పెట్టేయొచ్చు. జెనీవా గడియారాల పనివాడు లూయీ కాటియే ఆ సులువు దారి పట్టలేదు. వాచీల సంస్థ పటెక్ ఫిలిప్ కోసం ఆయన రూపొందించిన పద్ధతికి 1959లో పేటెంటు వచ్చింది. కేసు ఎడమ పక్కన రెండు బొత్తాలు. ఒకటి నొక్కితే గంటల ముల్లు సరిగ్గా ఒక గంట ముందుకు, రెండోది నొక్కితే వెనక్కి. నిమిషాల ముల్లు చెక్కుచెదరదు, నడక ఆగదు. అసలు పనితనం అక్కడుంది. ఈ పద్ధతితో వచ్చిన 2597 మోడల్‌లో ఆ తర్వాత రెండో గంటల ముల్లూ చేరింది: ఒకటి ఇంటి సమయానికి, ఒకటి ఉన్నచోటికి. 1839 నాటి మూలాలున్న ఆ సంస్థ 1932 నుంచి స్టెర్న్ కుటుంబం చేతిలో ఉంది. ఈ వాచీ ఇప్పుడు ఎక్కువగా వేలంపాటల్లోనే కనిపిస్తుంది. మనవాళ్లకో చిక్కు: చాలా దేశాలతో మన సమయం తేడాలో అరగంట ఉంది, నిమిషాల ముల్లేమో ఒక్కటే. కాబట్టి డల్లాస్‌లో ఉన్న తెలుగువారికి ఇది హైదరాబాద్ సమయం సరిగ్గా చెప్పలేదు.