గాజు తలుపుకి కాస్త వదులు

అమెరికాలో వెర్మాంట్, న్యూహాంప్‌షైర్ వైపు పల్లెటూరి పాత ఇళ్లలో చాలావాటికి హాల్లోనే పోత ఇనప పొయ్యి ఉంటుంది. చలికాలమంతా అందులో కట్టెలు మండుతూనే ఉంటాయి. బోస్టన్ చుట్టుపక్కల ఉద్యోగాలకు వచ్చి, ఇల్లు చవగ్గా వస్తుందని ఉత్తరానికి జరిగిన తెలుగువాళ్లకు ఇంటితోపాటు ఆ పొయ్యీ వస్తుంది. మా స్నేహితుడి ఇంట్లో అలా వచ్చినదాని గాజు తలుపు తీస్తే గలగల, వేస్తే గలగల. కట్టెలు కూడా ఉండాల్సినంతసేపు నిలవడం లేదు. పొగగొట్టాలు తుడిచే పెద్దాయనొకరు వచ్చి దాన్ని బాగుచేశారు. ఆ పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

ఆయన పెట్టె తెరవకుండా ముందు మసి చూశారు. ఇలాంటి పొయ్యిల్లో గాజు పైఅంచు దగ్గర సన్నని సందు ఉంటుంది. అందులోంచి వచ్చే గాలి గాజు లోపలి ముఖాన్ని ఒరుసుకుంటూ కిందికి దిగి, పొగను అద్దానికి అంటనివ్వదు. ఈ తలుపుకి గాజు మధ్యభాగం శుభ్రంగానే ఉంది, పిడి వైపు కింది మూల మాత్రం నల్లగా చారలు కట్టింది. అంటే అక్కడ పిలవని గాలి దూరి, పైనుంచి దిగే గాలిని చెదరగొడుతోంది. తర్వాత జేబులోంచి ఒక డాలరు నోటు తీసి, తలుపు సందున పెట్టి, గొళ్లెం వేసి లాగారు. బందుల వైపు నోటు చిరిగిపోతుందేమో అన్నంత బిగువు. పిడి వైపు వెన్నలోంచి కాదుగదా, గాల్లోంచి తీసినట్టే వచ్చేసింది. చుట్టూ అలా లాగి చూసి, తలుపు మీద సుద్దతో రెండు గీతలు పెట్టారు. స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే సగం పని అయిపోయింది.

తలుపు చుట్టూ గాడిలో ఉండేది గాజునార తాడు. ప్రెషర్ కుక్కర్‌కి గ్యాస్కెట్ ఎంతో దీనికి ఈ తాడు అంత. కాకపోతే కుక్కర్ గ్యాస్కెట్ లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు, ఇది బయటి గాలిని లోపలికి రానివ్వదు. ఈ పొయ్యిలో మంటను అదుపు చేసేది కట్టెలు కాదు, గాలి. కింద ఉన్న మీటతో ఎంత గాలి వదిలితే అంత మంట. తాడు అణిగి చప్పబడిపోతే మీట మూసినా మంట ఆగదు. కట్టెలు గబగబా కాలిపోతాయి, ఇనుము ఓర్చుకోలేనంత వేడెక్కుతుంది.

తలుపును బందుల మీంచి పైకెత్తి తీసి, నేల మీద దుప్పటి పరిచి బోర్లా పెట్టారు. గాజును పట్టి ఉంచే చిన్న బిళ్లల స్క్రూలు ఏళ్ల తరబడి కాలి తుప్పుపట్టి బిగుసుకున్నాయి. తుప్పు వదిలించే నూనె ఒక్కో చుక్క వేసి, కాఫీ తాగుతూ కూర్చున్నారు. ఆ తర్వాత కూడా వెంటనే విప్పలేదు. ముందు వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పి, తుప్పు పట్టు చిట్లాక అప్పుడు వెనక్కి తిప్పారు. ఒకటి మొండికేస్తే దాన్ని వదిలేసి పక్కదానికి వెళ్లారు, మళ్లీ నూనె వేసి మళ్లీ వచ్చారు. తల విరిగిందా, ఇక డ్రిల్లింగే, దాంతో పోత ఇనుముకే ముప్పు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ తొందరలేనితనమే.

గాజు అంటున్నాం గానీ అది మామూలు గాజు కాదు, గ్లాస్ సిరామిక్. 1953లో న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ కంపెనీలో డోనాల్డ్ స్టూకీ అనే శాస్త్రవేత్త ఒక గాజు ముక్కను 600 డిగ్రీలకు వేడిచేద్దామని కొలిమిలో పెడితే, కొలిమి అదుపు తప్పి 900కి పోయింది. ముద్దయిపోయి ఉంటుందనుకున్నది పాలలా తెల్లబడి, గట్టిగా బయటికొచ్చింది. పట్టకారు జారి నేల మీద పడినా పగల్లేదు. గాజులో సన్నని స్ఫటికాలు పుట్టడమే కారణం. ఆ దారినే పోయి తర్వాతివాళ్లు వేడికి దాదాపు పెరగని రకాలు తయారుచేశారు. వాటిలో స్ఫటికాలు వేడికి కుంచించుకుంటే చుట్టూ ఉన్న గాజు వ్యాకోచిస్తుంది, లెక్క సరిపోతుంది. హవాయిలోని కెక్ టెలిస్కోపుల అద్దాలు కూడా ఈ కుటుంబానివే.

ఇక ఇనుము అలా కాదు. నలభై సెంటీమీటర్ల ఇనప చట్రం 300 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది. అదే పొడవు గాజు మిల్లీమీటరులో పదో వంతు కూడా పెరగదు. పెరిగేదాన్నీ పెరగనిదాన్నీ పక్కపక్కన బిగిస్తే ఏమవుతుంది? అందుకే ఈ గాజులు మంటకు పగిలేదానికన్నా కట్టె తగిలి, లేదా స్క్రూ అతిగా బిగించి పగిలేదే ఎక్కువ. గలగలలాడుతోంది కదా అని ఇంటివాళ్లు శక్తికొద్దీ తిప్పేది సరిగ్గా ఈ స్క్రూలనే.

పెద్దాయన గాజు అంచుకి కొత్త నార పట్టీ చుట్టి, చట్రంలో నాలుగు వైపులా సమానంగా సందు ఉండేలా కూర్చోబెట్టారు. స్క్రూలకు వేడికి పట్టేయకుండా రాగి గ్రీజు రాశారు. వేళ్లతో బిగించి, ఆపైన ఎదురెదురు మూలలకు ఒక్కోదాన్ని కాస్త కాస్త తిప్పారు. తలుపు ఎత్తి ఊపితే చప్పుడు లేదు. బొటనవేలితో గట్టిగా తోస్తే మాత్రం గాజు రవ్వంత జరిగింది. తల పంకించి పక్కన పెట్టారు. ఆ రవ్వంత వదులే ఆయనకు కావాల్సింది.

తాడు పని పైకి తేలిగ్గా కనబడుతుంది. ఇది అంత పాత పొయ్యి కాదని ముందే అడిగి తెలుసుకున్నారు. వెనకటి తాళ్లలో ఆస్బెస్టాస్ ఉండేది, వాటిని పొడిగా గీకకూడదు. పాత తాడు లాగేసి, గాడిలో గట్టిపడ్డ జిగురును సన్న ఉలితో, తర్వాత వైర్ బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా తీశారు. కొత్త తాడును ముందు జిగురు లేకుండా వేసి చూశారు. లావైతే తలుపు పడదు, సన్నమైతే ఆనదు. జిగురు సన్నని గీతలా మాత్రమే వేశారు. ఎక్కువైతే నారలోకి ఇంకి రాయవుతుంది, ఇక స్ప్రింగు గుణం ఉండదు. చాలామంది చేసే తప్పు తాడును లాగి పరచడం. లాగితే సన్నబడి, ఆ మేరకు సందు మిగులుతుంది. ఆయన అడుగడుక్కీ వెనక్కి నెడుతూ, మూలల్లో ఇంకాస్త కూరుతూ పరిచారు. కోయాల్సిన చోట టేపు చుట్టి, టేపు మధ్యలో కోశారు, నారలు విడిపోకుండా. రెండు కొసలూ ఒకదాని మీదొకటి ఎక్కలేదు, మొహామొహీ ఆనుకున్నాయి. వేడికి తట్టుకుంటుందని డబ్బా మీద రాసిన సిలికాన్‌ను ఇక్కడ పూసేవాళ్లను చూశాను. దాని గురించి అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు.

తాడుకీ చట్రానికీ మధ్య మైనం కాగితం పెట్టి తలుపు మూసి, రాత్రంతా ఆరనిమ్మన్నారు. మర్నాడు మళ్లీ నోటు. ఈసారి చుట్టూ ఒకటే బిగువు. మొదటి మంట చిన్నదే వేయించి, జిగురు వాసన పోయేదాకా కిటికీలు తీయించారు.

వెళ్తూ మా స్నేహితుడికి రెండే జాగ్రత్తలు చెప్పారు. తాడు కొన్నాళ్లకు అణుగుతుంది కాబట్టి అప్పుడు గొళ్లేన్ని ఇంకొంచెం బిగించాలి. ఇన్నాళ్లూ మీట సగం మూసి మంట కాచుకున్నారు గదా, ఇకమీదట అంత మూస్తే మంట ఊపిరాడక పొగలు కక్కుతుంది, ఆ పొగంతా గొట్టంలో తారై పేరుకుంటుంది. కాబట్టి మీట ఎక్కడుంచాలో మొదట్నుంచీ మళ్లీ నేర్చుకోవాలి.