వృత్తి నియమాలు - పరిశోధకుని అమానత్

వైద్య వృత్తికి వ్రాతపూర్వకమైన నీతి నియమావళిని సమకూర్చిన వారిలో మాంచెస్టర్ వైద్యుడు థామస్ పెర్సివల్ ముఖ్యుడు. ఆయన గ్రంథం 1803లో వెలువడింది. దాని ఆధారంగానే అమెరికన్ వైద్య సంఘం 1847లో తన మొట్టమొదటి నియమావళిని రూపొందించుకుంది. రోగి పట్ల చూపవలసిన దయను గురించి వీటిలో చక్కని మాటలున్నాయి. అయితే పెద్ద భాగం మాత్రం వైద్యుడు తోటి వైద్యునితో ఎలా మెలగాలి, తగవు వస్తే అది లోకం కంట పడకుండా ఎలా పరిష్కరించుకోవాలి అనేదే. వృత్తి గౌరవాన్ని కాపాడటం, వృత్తిలోని వారి లోపాలను కప్పిపుచ్చటం ఒకటే అన్న అభిప్రాయం అక్కడే పాతుకుపోయింది.

తర్వాత ఈ లోపాన్ని కాగితం మీద సరిదిద్దారు. సభ్యుల అక్రమ ప్రవర్తనను సంకోచించకుండా బయటపెట్టాలని అదే సంఘం 1957లో ప్రకటించిన సూత్రాలలో ఉంది. భారత వైద్య మండలి 2002లో జారీచేసిన నిబంధనలలో సైతం, తోటి వైద్యుల అవినీతిని భయపక్షపాతాలు లేకుండా వెల్లడించాలన్న నియమం మొదటి అధ్యాయంలోనే కనిపిస్తుంది. ఇంత స్పష్టమైన నియమం ఉండి కూడా పరిశోధనా రంగంలో అది ఎందుకు పనిచేయలేదన్నదే ఇక్కడ పరిశీలించదగిన విషయం.

అమెరికాలో అలబామా రాష్ట్రపు టస్కీగీ ఉదంతం సుప్రసిద్ధమే. 1932లో ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ దాదాపు 600 మంది పేద నల్లజాతి పురుషులను ఎన్నుకుంది. వారిలో 399 మంది సిఫిలిస్ రోగులు. వారి జబ్బేమిటో వారికి చెప్పలేదు. పెన్సిలిన్ మందుగా స్థిరపడిన తర్వాత కూడా ఇవ్వలేదు. మనిషి ఇష్టపూర్వక సమ్మతి లేనిదే అతనిపై ప్రయోగం చేయరాదని 1947లో న్యూరెంబర్గ్‌లో, జర్మన్ వైద్యులను విచారించిన అమెరికన్ న్యాయమూర్తులే ప్రకటించారు. అయినా ఈ అధ్యయనం 1972 వరకు సాగింది. గమనించవలసిన సంగతేమంటే, ఇది రహస్యంగా జరగలేదు. దాని ఫలితాలు 1936 నుండి వైద్య పత్రికలలో వ్యాసాలుగా వస్తూనే ఉన్నాయి. చదివినవారు వైద్యులే. 1965లో ఒక యువ వైద్యుడు మాత్రం అటువంటి వ్యాసాన్ని చదివి నిరసిస్తూ లేఖ వ్రాశాడు. ఆ లేఖ ఫైలులో చేరింది, జవాబు రాలేదు. చివరకు గుట్టు పత్రికలకు అందించిన పీటర్ బక్స్‌టన్ ఆ శాఖలో ఉద్యోగే గాని వైద్యుడు కాడు.

హార్వర్డ్ వైద్యాచార్యుడు హెన్రీ బీచర్ 1966లో ప్రచురించిన వ్యాసం ధైర్యానికి ఉదాహరణగా నేటికీ ప్రశంసలందుకుంటోంది. నీతిబాహ్యమైన 22 పరిశోధనలను ఆయన అందులో ఎత్తిచూపాడు. కాని ఒక్క పరిశోధకుని పేరూ చెప్పలేదు, ఆ పరిశోధనలు ఎక్కడ ప్రచురితమయ్యాయో కూడా ఇవ్వలేదు. వ్యక్తులను నిందించటం తన ఉద్దేశం కాదన్నది ఆయన వాదన. ఆ వాదనలో సౌజన్యం ఉంది, సందేహం లేదు. కాని పెర్సివల్ నీడ కూడా ఉంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన వృత్తి సంప్రదాయం ఒకటి ముస్లిం పాఠకులకు సుపరిచితమే. హదీసు వేత్తలకు సైతం ఈ చిక్కే ఎదురైంది. గీబత్ హరామ్. మరి ఫలానా ఉల్లేఖకుడు అబద్ధాలకోరు, ఫలానా వానికి జ్ఞాపకశక్తి లేదు అని చెప్పటం గీబత్ కాదా? ఇమామ్ ముస్లిం (రహ్మలై) తన సహీహ్‌కు వ్రాసిన ముఖద్దిమాలో ఈ ప్రశ్నకు సమాధానమిచ్చారు. ధర్మానికి సంబంధించిన విషయంలో ఉల్లేఖకుని లోపం తెలిసి దాచటం సామాన్య ముస్లిములను మోసగించటమే. కనుక చెప్పటం అనుమతి మాత్రమే కాదు, విధి. ఇమామ్ బుఖారీ (రహ్మలై) గురువైన అలీ ఇబ్నుల్ మదీనీని ఆయన తండ్రిని గురించి అడిగారట. మరొకరిని అడగండి అన్నారాయన. మళ్ళీ అడిగితే, ఇది ధర్మానికి సంబంధించిన విషయం, తండ్రి బలహీనుడే అని చెప్పారు. (చెప్పే ముందు తల వంచుకున్నారన్న వివరాన్ని కూడా ఈ వృత్తాంతం చెప్పినవారు వదలలేదు.)

అయితే ఈ నియమం నిలబడటానికి ముహద్దిసుల దైవభక్తి ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. వారి పని తీరే అలాంటిది. సనద్ లేనిదే హదీసు లేదు. సనద్ అంటే పేర్ల వరుస. ఒక్కొక్క పేరునూ పరీక్షించకుండా పని ముందుకు సాగదు. ఇబ్ను అబీ హాతిమ్ రచించిన 'అల్ జర్హ్ వత్తాదీల్' వంటి బృహద్గ్రంథాలు ఆ అవసరం నుండే పుట్టాయి. వైద్యుల నియమావళిలో పేరు చెప్పటం ఒక నిబంధన, ముహద్దిసులకు అది పనిలో భాగం.

ఈ సంప్రదాయంలో దోషాలు లేకపోలేదు. సమకాలికుల మధ్య అసూయ, కోపం తలెత్తాయి. ఇమామ్ మాలిక్ (రహ్మలై), ఇబ్ను ఇస్‌హాఖ్ పరస్పరం చేసుకున్న విమర్శలు తెలిసినవే. అందుకే ఇబ్ను అబ్దిల్ బర్ర్ తన 'జామిఉ బయానిల్ ఇల్మ్'లో విద్వాంసులు ఒకరిపై ఒకరు చేసే వ్యాఖ్యలను గురించి ఒక ప్రకరణమే వ్రాశారు. నిందకు కూడా నిదర్శనం కావాలన్నది దాని సారాంశం. సదుద్దేశం సంగతీ అంతే. మర్వ్ ఖాజీ నూహ్ ఇబ్ను అబీ మర్యమ్, ప్రజలను ఖురాన్ వైపు మళ్ళించటానికి సూరాల విశిష్టతలపై హదీసులు కల్పించినట్లు హదీసు శాస్త్ర గ్రంథాలు చెబుతాయి. ఉద్దేశం మంచిదన్న సాకు, ఖాజీ పదవి ఆయన్ను కాపాడలేదు. ఆయన పేరు కల్పనకు ఉదాహరణగా నేటికీ నిలిచి ఉంది.

సదుద్దేశం అనే మాట ఖమ్మంలో కూడా వినబడింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అరికట్టే హెచ్‌పీవీ టీకాను 2009 జూలై నుండి నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుండి 14 ఏళ్ళ బాలికలు 14,000 మందికి పైగా వేశారు. వారిలో భద్రాచలం ప్రాంతపు గిరిజన బాలికలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉన్నవారు చాలామంది. దీన్ని అమెరికాకు చెందిన పాత్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో, భారత వైద్య పరిశోధనా మండలితో కలిసి చేపట్టింది. ఆ మండలి అప్పటికే 2000లో, 2006లో దేశంలోని పరిశోధకులందరికీ నైతిక మార్గదర్శక సూత్రాలు ప్రకటించింది. సూత్రాలు వ్రాసినవారే ఈ కార్యక్రమంలో భాగస్వాములు.

2010 మార్చిలో మహిళా ఆరోగ్య కార్యకర్తలు భద్రాచలం వెళ్ళి తల్లిదండ్రులను ప్రశ్నించిన తర్వాత, ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. ఇక్కడ కూడా నోరు విప్పినవారు వృత్తికి వెలుపలివారే. ఖమ్మం, గుజరాత్‌లోని వడోదర ప్రాంతాలలో మరణించిన ఏడుగురు బాలికల మరణాలకు టీకా కారణంగా కనబడలేదని విచారణ సంఘం చెప్పింది. సమ్మతి విషయం వేరు. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాలలో 1,948 పత్రాలపై వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాలపై సంతకం చేసింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు. విచారణ సంఘం లోపాలను వివరించింది గాని బాధ్యులుగా ఎవరినీ నిలబెట్టలేదు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం పాత్‌ను, పరిశోధనా మండలిని కూడా తీవ్రంగా ఆక్షేపించింది. పాత్ ఆ ఆక్షేపణలను తిరస్కరించింది.

మండలి 2017లో తన సూత్రాలను మరొకసారి సవరించి, బాధ్యతాయుతమైన పరిశోధనా ప్రవర్తనకు ఒక ప్రత్యేక విభాగం కేటాయించింది. ఖమ్మం పత్రాలను ఒక ముహద్దిస్ చేతిలో పెడితే ఆయన వాటిలోని సమ్మతి వాక్యాన్ని ముందు చదవడు. ఈ వేలిముద్ర ఎవరిది, ఆ తల్లికి దీన్ని చదివి వినిపించినదెవరు, ఏ భాషలో, విన్న సాక్షి ఎవరు అని అడుగుతాడు. ఒక్క పేరు దొరకకపోయినా ఆ పత్రాన్ని పక్కన పెడతాడు.