కంటిపొరలో మతిమరుపు జాడ

కంటి ఛాయాచిత్రమును చూచి, జ్ఞాపకశక్తిని హరించు అల్జీమర్స్ వ్యాధిని ముందుగానే చెప్పవచ్చునను వార్తలు పత్రికలలో తరచుగా కనబడుచున్నవి. ఇందులో నిజమెంత, తొందరపాటెంత?

ఈ ఆశకు ఆధారము లేకపోలేదు. కంటి వెనుక నున్న రెటీనా, పిండదశలో మెదడునుండియే ఏర్పడిన పొర. శస్త్రచికిత్స లేకుండ నేరుగా చూడదగిన నాడీకణజాలము అదియే. ఈ వ్యాధితో మరణించినవారి దృష్టినాడులలో తంతువులు క్షీణించినట్లు 1986లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. 1991లో వెలువడిన ఓ.సి.టి. పద్ధతివలన, కాంతి సహాయముతో ఈ పొరల మందమును మైక్రానులలో కొలుచుట సాధ్యమైనది. 32 వేలమందికి పైగా పరీక్షించి 2018లో ప్రకటించిన బ్రిటన్ పరిశోధనలో, నాడీతంతువుల పొర పలుచగా నున్నవారు జ్ఞాపకము, తర్కము మొదలైన పరీక్షలలో సగటున వెనుకబడినట్లు తేలినది.

ఆ "సగటున" అను మాటను వార్తలు విడిచిపెట్టుచున్నవి. తొమ్మిదవ తరగతివారికంటె పదవ తరగతివారు సగటున పొడవు. అంతమాత్రమున ఒక విద్యార్థి ఎత్తు కొలిచి అతని తరగతి చెప్పగలమా? పైగా నీటికాసుల వ్యాధివలనను, వయస్సువలనను కూడ ఈ పొర పలుచబడును.

రెండవ ఆధారము ఎమిలాయిడ్ అను మాంసకృత్తు. రోగుల మెదడులో పేరుకొనెడి ఈ పదార్థము రెటీనాలోను కలదనియు, పసుపులోని కర్కుమిన్ దానికి అంటుకొని మెరయుననియు లాస్ ఏంజిలిస్‌లోని సీడార్స్-సైనాయ్ పరిశోధకులు 2011లో ప్రకటించిరి. కాని 2014లో మరికొందరు వెదకగా, మెదడులోనివంటి ముద్దలు కంటిలో కనబడలేదు. ఈ వివాదము వార్తలలో కానరాదు.

ఒక లెక్క వేయుదము. 1000 మంది వృద్ధులలో 50 మంది రోగులనుకొందము. పరీక్ష రోగులలో నూటికి 80 మందిని పట్టి, ఆరోగ్యవంతులలో నూటికి 20 మందిని పొరపాటున రోగులుగా చూపుననుకొందము. అప్పుడు 40 మంది రోగులతోపాటు 190 మంది ఆరోగ్యవంతులకును ఆ ముద్ర పడును; 10 మంది రోగులు తప్పిపోవుదురు. తాళపుచెవి ఎచట పెట్టెనో మరచిన తాతకు ఇట్టి ముద్ర చిన్న దెబ్బ కాదు.

2025 మే నెలలో అమెరికాలో అనుమతి పొందిన రక్తపరీక్ష సైతము, వ్యాధిలక్షణములున్న 55 ఏండ్లు నిండినవారికే. అదియు ఇతర పరీక్షలతో కలిపి చూడవలసినదే. రెటీనా పరిశోధనను తోసిపుచ్చ నక్కరలేదు. అయితే ఇట్టి వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేయవలెను: ఎందరిని పరీక్షించిరి? ఆరోగ్యవంతులలో ఎందరిని రోగులనిరి? మరియొక ప్రయోగశాలలో అదే ఫలితము వచ్చినదా?